పాత వీ-క్రాస్‌కి సస్పెన్షన్ మార్చిన నా అనుభవం: కాటా ఎక్కించాక తెలిసిన సంగతి

బండి కమాన్లు, అంటే వెనక బరువు మోసే ఇనుప పట్టీల కట్టలు, పాడు చేసుకున్నానని నాకు మామిడికాయలు చెప్పాయి. 2024 మే నెలలో తోట నుంచి ఒంగోలుకి పది క్రేట్లు బంగినపల్లి వేసుకుని పోయాను. క్రేటుకి ఇరవై కిలోలు, అంటే మొత్తం రెండొందల కిలోలు, పికప్పుకి అదొక బరువే కాదు. దారి కూడా తోట బాట దాటితే అంతా హైవేనే. తీరా అక్కడ దించి చూస్తే అడుగు వరస కాయలన్నీ ఒత్తుకుపోయి ఉన్నాయి. కాయ పగల్లేదు, తొక్క మీద బొటనవేలంత మెత్తటి మచ్చ. రెండు రోజులాగితే అది నల్లబడుతుంది. వ్యాపారి ఒక్కో కాయ తిప్పి చూసి రేటు సగానికి తగ్గించాడు, ఆయన తప్పేమీ లేదు. ఇంటికొచ్చే దారంతా నేను వెనక ట్రే చప్పుడే వింటూ వచ్చాను. చిన్న అతుకు దాటినా వెనకభాగం ఎగిరి పడుతోంది.

బండి 2017 మోడల్ ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్, 2.5 లీటర్ డీజిల్, నాలుగు చక్రాలకీ పవర్ పోయే ఫోర్ బై ఫోర్. మా ఊరి పక్కనుంచి పోయే హైవే మీదే ఇంకా దక్షిణానికి పోతే తడ దగ్గర శ్రీసిటీ వస్తుంది, అక్కడి ఫ్యాక్టరీలో తయారైన బండి. మాది ఉలవపాడు మండలం. 2022లో మా మండలాన్ని నెల్లూరు జిల్లాలో కలిపారు గానీ బండి మీద ప్రకాశం వాళ్ళ ఏపీ 27 నంబరే ఉంది. మాకు ఒక పక్క మామిడి తోట, ఇంకో పక్క సముద్రం వైపు రొయ్యల చెరువులు. రోజూ ఉదయం, రాత్రి చెరువు గట్ల మీద తిరగాలి. గట్టు మీద తారు ఉండదు, ఎండాకాలం గుంటలు, వానాకాలం బురద, ఏడాది పొడుగునా ఉప్పు. ఈ ఉప్పు గురించి తర్వాత చెప్తాను, పనిలో సగం టైం అదే తినేసింది.

గొడవ మొదలైంది 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను అప్పుడు. అది బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ వాన మా మీద కూడా కుండపోతగా పడింది. గట్లు తెగకుండా కాపాడుకోవడానికి మూడు రోజులు రాత్రీపగలూ ఇసుక బస్తాలు తోలాం, బండికి ఎంత పడుతుందో లెక్క చూసుకునే పరిస్థితి కాదు. అది అయ్యాక చూస్తే ముందు ఎడమ షాకబ్జార్బర్ నుంచి ఆయిల్ కారి, దాని మీద మట్టి పేరుకుని ఉంది. వెనక భాగం కూర్చుండిపోయింది. అప్పటికి లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగిన బండి, అన్నీ కంపెనీ ఇచ్చిన పాత సామాన్లే.

అప్పుడు నేను చేసిన పని తప్పు. వెనక కూర్చుంది కాబట్టి వెనక లేపాలి అనుకుని కమాన్ల షాపుకి పోయి రెండు వైపులా రెండేసి పట్టీలు అదనంగా వేయించాను. షాపతను లారీలకి వేసే అలవాటులో మందంగా ఉన్న పట్టీలే వేశాడు, నేనూ మందంగా ఉంటే మంచిదే అనుకున్నాను. పట్టీ మందం రెట్టింపు అయితే దాని గట్టిదనం రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుందని నాకు అప్పుడు తెలియదు. బండి లేచింది, చూడ్డానికి బాగుంది. కానీ ఆ కమాన్లు వంగాలంటే టన్ను బరువు కావాలి. నేనేమో ఖాళీగానో, పావు టన్నుతోనో తిరుగుతాను. కమాను వంగకపోతే గుంట దెబ్బ ఎక్కడికి పోతుంది, చాసిస్‌కి, ట్రేకి, మామిడికాయకి, మనిషి నడుముకి పోతుంది. దానికి తోడు షాకబ్జార్బర్లు పాతవే ఉంచాను. స్ప్రింగు పని బరువు మోయడం, షాకబ్జార్బర్ పని ఆ స్ప్రింగు ఊగకుండా పట్టుకోవడం. స్ప్రింగుని గట్టి చేసి, పట్టుకునేదాన్ని చచ్చినదాన్నే ఉంచితే బండి ఎగిరిపడక ఏం చేస్తుంది.

మా అమ్మకి నడుం నొప్పి ఉంది, నెలకోసారి ఒంగోలు డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. ఆ ఏడాది ఆమె రెండుసార్లు చూసి, "ఒరే అబ్బయ్యా, నేను బస్సులో వస్తాలేరా, నువ్వు ఎనక రా" అంది. కాయలు పోయినదానికన్నా ఆ మాట ఎక్కువ గుచ్చుకుంది నాకు.

ఈసారి తొందరపడకూడదని ఆరు నెలలు చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను. అందరూ ఎత్తు గురించే మాట్లాడుతున్నారు, రెండంగుళాలు లేపు, మూడంగుళాలు లేపు అని. చెన్నైలో ఇదే బండి ఉన్న ఒక స్నేహితుడు మాత్రం ఒకటే అడిగాడు, "నీ బండి రోజూ ఎంత బరువుతో తిరుగుతుంది?" నా దగ్గర జవాబు లేదు. సుమారుగా ఐదొందల కిలోలు ఉంటుందిలే అన్నాను. సుమారు వద్దు, కాటా ఎక్కించు అన్నాడు.

హైవే పక్కన లారీల కాటా ఉంది. రోజూ ఎలా తిరుగుతానో అలాగే పోయాను, డీజిల్ ఫుల్, ట్రేలో టూల్ బాక్సు, చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ మోటారు, గొలుసు, తాళ్ళు, నీళ్ళ డబ్బాలు, ఇనుప ఫ్రేము. ముందు మొత్తం బండి ఎక్కించాను, తర్వాత ముందు చక్రాలు మాత్రమే, తర్వాత వెనక చక్రాలు మాత్రమే. మొత్తం 2,310 కిలోలు, ముందు 1,240, వెనక 1,070. ఇంటికిపోయి ట్రే అంతా ఖాళీ చేసి మళ్ళీ వచ్చాను. మొత్తం 2,060, ముందు 1,200, వెనక 860. అంటే నా బండి రోజూ మోసే అదనపు బరువు 250 కిలోలు, అందులో 210 వెనకే. ఐదొందలు కాదు. మేత బస్తాలు ఎలాగూ చిన్న ఏనుగు అని పిలిచే టాటా ఏస్ బండిలో వస్తాయి, నేను తోలను. కాటాకి మొత్తం రెండొందల రూపాయలు కూడా కాలేదు. ముందే పోయుంటే ఆ పట్టీలు వేయించుకునేవాణ్ణే కాదు.

ఆ కాటా అంకెలు చేతిలో ఉంటే కిట్టు ఎంచుకోవడం తేలికైపోయింది. ఆస్ట్రేలియా కంపెనీ కిట్టు తెప్పించాను, ముందు కాయిల్ స్ప్రింగులు, వాటి లోపల కూర్చునే షాకబ్జార్బర్లు అంటే స్ట్రట్లు, వెనక కమాన్ కట్టలు, షాకబ్జార్బర్లు, కమాన్ కట్టని యాక్సిల్‌కి బిగించే కొత్త యూ బోల్టులు, కమాను చివరని చాసిస్‌కి కలిపే, గ్రీజు కొట్టుకునే షాకిల్స్, బోల్టుల చుట్టూ ఉండే బుష్షులు అన్నీ కలిపి లక్షా ముప్పై ఎనిమిది వేలు. వెనక కమాన్లలో మూడు రకాలు చూపించారు, ఖాళీగా తిరిగేవాళ్ళకి ఒకటి, ఎప్పుడూ రెండొందల కిలోల దాకా ఉండేవాళ్ళకి ఒకటి, నాలుగొందలు దాటేవాళ్ళకి ఒకటి. అమ్మేవాళ్ళు కూడా పల్లెటూరి బండి అనగానే పెద్దదే తీసుకోమన్నారు. నేను మధ్యది తీసుకున్నాను. షాకబ్జార్బర్లు నైట్రోజన్ గ్యాస్ నింపినవి. గుంటల రోడ్డు మీద గంటసేపు తిరిగితే లోపల ఆయిల్ వేడెక్కి నురగ కడుతుంది, నురగ కడితే పట్టు పోతుంది, గ్యాస్ ఒత్తిడి ఉంటే ఆ నురగ తగ్గుతుంది. గట్ల మీద తిరిగేవాళ్ళకి ఇది నిజంగా తేడా తెలిసే విషయం.

ఎత్తు నలభై మిల్లీమీటర్ల దగ్గరే ఆపాను. ముందు చక్రాలకి పవర్ తీసుకుపోయే షాఫ్టులు బండి లేచేకొద్దీ ఏటవాలుగా పని చేయాలి, ఎక్కువ లేపితే జాయింట్ల మీద తొడుగులుగా ఉండే రబ్బరు బూట్లు చినుగుతాయి, జాయింట్లు అరుగుతాయి, చక్రాన్ని పైనుంచి పట్టుకునే అప్పర్ ఆర్మ్‌లు కూడా మార్చాల్సి వస్తుంది. ఇంకోటి, ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. అందుకని టైర్ సైజు కూడా ముట్టుకోలేదు, కిట్టు వివరాలు ఇన్సూరెన్సు వాళ్ళకి ముందే రాసి పంపాను.

బిగించడానికి కందుకూరులో మా పాత మెకానిక్కు దగ్గరికే పోయాను. అందరం భాయ్ అంటాం, యాభై ఐదేళ్ళు దాటాయి, మా నాన్న జీపు కూడా ఆయనే చూసేవాడు. ఇలాంటి కిట్టు ఆయన ఎప్పుడూ వేయలేదు, ఆ మాట ముందే చెప్పాడు. 2025 మార్చిలో చెరువులు ఎండగట్టి ఉన్న సమయం చూసుకుని రెండు రోజులు నేనూ షెడ్డులోనే ఉన్నాను. పని మొదలుపెట్టే ముందు చదును నేల మీద బండి నిలబెట్టి, నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య హబ్ నుంచి పైన ఉన్న ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి గోడ మీద సుద్దముక్కతో రాశాను. కొత్త సస్పెన్షన్ వేశాక బండి ఎంత లేచిందో, ఏ వైపు వంగిందో చెప్పేది ఆ నాలుగు అంకెలే.

ఇక ఉప్పు. మూడు రోజుల ముందు నుంచే అన్ని బోల్టులకీ తుప్పు వదిలే ఆయిల్ కొడుతూ వచ్చాను, అయినా ముందు ఎడమ స్ట్రట్ కింది బోల్టు కదల్లేదు. నట్టు ఊడింది గానీ బోల్టు బుష్షు లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుపోయింది. పానాకి రెండున్నర అడుగుల పైపు తొడిగి ఇద్దరం వేలాడాం. బోల్టు తిరుగుతోంది, దాంతో పాటు బుష్షూ తిరుగుతోంది. భాయ్ కూర్చుని దాన్ని కాసేపు చూసి, "ఇది ఊడి రాదు అబ్బయ్యా, కొయ్యాల్సిందే" అన్నాడు. గ్యాస్ కటింగ్ వద్దన్నాను, బ్రేక్ పైపు జానెడు దూరంలో ఉంది. గ్రైండర్‌తో రెండు వైపులా కోసేసరికి మధ్యాహ్నం రెండయింది. వెనక యూ బోల్టులదీ అదే కథ, ఎనిమిది నట్లలో రెండే తిరిగాయి, మిగతా ఆరు కోశాం. యూ బోల్టులు ఎలాగూ రెండోసారి వాడకూడదు, ఒకసారి బిగిస్తే సాగుతాయి, అందుకని కొత్తవి కిట్టులోనే వచ్చాయి. సముద్రం పక్కన ఉండేవాళ్ళు ఈ పనికి ఒక్క రోజు చాలనుకోవద్దు, కోసిన బోల్టుల బదులు వేయడానికి కొత్త బోల్టులు ముందే తెప్పించి పెట్టుకోండి. నేను తెప్పించలేదు, ఒక్క బోల్టు కోసం కుర్రాణ్ణి ఒంగోలు పంపాల్సి వచ్చింది.

ముందు స్ట్రట్లలో భయపడాల్సిన పని ఒక్కటే, కాయిల్ స్ప్రింగు నొక్కి పట్టి స్ట్రట్‌కి ఎక్కించడం. నొక్కి ఉన్న స్ప్రింగులో ఎంత బలం ఉంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది, జారితే మనిషి ప్రాణం పోతుంది. గొలుసు చుట్టి రెంచీతో నొక్కుదామని షెడ్డులో కుర్రాళ్ళన్నారు, నేను ఒప్పుకోలేదు, భాయ్ కూడా వద్దన్నాడు. పాత స్ట్రట్లు విప్పింది అక్కడే గానీ, కొత్తవి సరైన ప్రెస్ ఉన్న చోటికి తీసుకుపోయి ఎక్కించుకొచ్చాం. మూడు గంటలు పోయాయి, పోనీ.

రెండో రోజు వెనక కమాన్లు. పాతవి దించి పక్కన పెడితే నేను వేయించిన ఆ లారీ పట్టీల అంచులు కింది పట్టీని ఎలా తొలిచేశాయో కనిపించింది, వేలు పెడితే గాడి తగులుతోంది. ఇంకో ఏడాది అలాగే తిరిగి ఉంటే అక్కడే విరిగేది.

ఇక్కడ ఒక పొరపాటు జరిగింది. కమాన్ కట్ట మధ్యలో సెంటర్ బోల్టు ఉంటుంది, దాని తల యాక్సిల్ మీద ఉన్న రంధ్రంలో కూర్చోవాలి. నా కిట్టులో ఆ బోల్టు కమానుకి సరిగ్గా మధ్యలో లేదు, ముందు భాగం కొంచెం పొట్టి, వెనక భాగం పొడుగు. పట్టీ మీద ముందువైపు చూపిస్తూ బాణం గుర్తు కూడా ఉంది. కుడివైపు సరిగానే వేశాం. ఎడమవైపు హడావిడిలో తిప్పి వేశారు, నేనూ గమనించలేదు. యూ బోల్టులు బిగించి చక్రం వేశాక చూస్తే, ఎడమ చక్రం ఫెండర్ గుంటలో వెనక్కి జరిగినట్టు ఉంది. టేపు పెడితే కుడికీ ఎడమకీ రెండు సెంటీమీటర్లు పైనే తేడా. అంటే యాక్సిలే వంకరగా కూర్చుంది, అలాగే రోడ్డెక్కితే బండి ఏటవాలుగా నడిచేది. మొత్తం విప్పి మళ్ళీ వేశాం. ఎవరూ ఎవర్నీ ఏమీ అనుకోలేదు. భాయ్ మాత్రం ఆ బాణం మీద తెల్ల పెయింటు పూసి, "ఇంక ఎవురేసినా తెలస్తది" అన్నాడు.

తర్వాత బుష్షుల బోల్టుల దగ్గర కాసేపు వాదన జరిగింది. బండి జాకీ మీద ఉండగానే భాయ్ కమాను చివర కన్నులాంటి రంధ్రంలో పోయే బోల్టులు పూర్తిగా బిగించబోయాడు.

"భాయ్, ఇప్పుడు వేళ్ళతో తిప్పి వదిలేద్దాం, బండి కిందకి దించి బరువు పడ్డాక బిగిద్దాం."

"ముప్పై ఏళ్ళ నుంచి జాకీ మీదే బిగిస్తుండాం గదయ్యా."

రబ్బరు బుష్షు సంగతి చెప్పాను. చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు ఆ భంగిమలో పట్టుకుంటుంది, బండి దించగానే అది మెలిపడుతుంది, ఇక రోజంతా ఆ మెలికలోనే పని చేసి ఏడాదిలోపే చినుగుతుంది. బరువు మీద బిగిస్తే మామూలుగా నిలబడ్డప్పుడు రబ్బరు మీద ఒత్తిడి ఉండదు. ఆయన పానా కింద పెట్టి, మా పాత బుష్షు ఒకటి చేతిలోకి తీసుకుని చినిగిన చోటు తిప్పి చూశాడు. చీలిక ఒకే పక్క ఉంది. ఇంకేం మాట్లాడలేదు, కుర్రాణ్ణి పిలిచి జాకీ దించమన్నాడు. అంత అనుభవం ఉన్న మనిషి కొత్త మాటని అలా చేతిలో పెట్టుకుని చూసి ఒప్పుకోవడం నాకు చాలా గొప్పగా అనిపించింది. నేను ఆయన దగ్గర నేర్చుకున్నవి కూడా ఉన్నాయి. యూ బోల్టులు బిగించాక బయట మిగిలిన మరలకి గ్రీజు పూసి, సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తీగతో కట్టాడు. ఉప్పు నీళ్ళు తగలకుండా ఇంతకన్నా మంచి ఉపాయం నేను ఎక్కడా చదవలేదు. బిగింపుకి ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచీ అద్దెకి తెచ్చాం, కిట్టు కాగితంలో ఉన్న అంకెకే బిగించాం.

బండి దించి రెండు మూడుసార్లు ఊపి, ముందుకీ వెనక్కీ నడిపి మళ్ళీ టేపు పెడితే ముందు నలభై రెండు మిల్లీమీటర్లు, వెనక ముప్పై ఎనిమిది లేచింది. రెండు నెలల తర్వాత వెనక కమాన్లు సర్దుకుని ఇంకో ఏడు మిల్లీమీటర్లు దిగాయి, కొత్త కమాన్లు అలా కొంచెం దిగడం మామూలే.

ఆ సాయంత్రం హైవే ఎక్కితే ముందు కొంచెం భయం వేసింది. గుంటల మీద మెత్తగా ఉంది గానీ ఎనభై దాటితే స్టీరింగ్ తేలిపోతోంది. ముందు భాగం లేస్తే చక్రం వంపు కోణాలు మారిపోతాయి, ముఖ్యంగా కాస్టర్ తగ్గుతుంది, స్టీరింగ్ తనంతట తాను నిటారుకి రావడం ఆ కోణం వల్లే. మర్నాడు ఒంగోలులో అలైన్‌మెంట్ చేయించాను. మొదట పోయిన చోట టో, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, అదొక్కటే సరి చేసి అయిపోయింది అన్నారు. కాగితం చూపించమంటే కాస్టర్ గడి ఎర్రగానే ఉంది. ఇంకో షాపుకి పోయాను, అక్కడ లోయర్ ఆర్మ్ బోల్టులు వదులు చేసి చక్రం లోపలికో బయటికో వాలే కోణమైన క్యాంబర్, కాస్టర్ రెండూ సరి చేశారు. గంటన్నర పట్టింది, నేను దిగిన బండి వేరు, మళ్ళీ ఎక్కిన బండి వేరు. సస్పెన్షన్ లేపినవాళ్ళు ప్రింటు తీసుకోకుండా డబ్బులివ్వకండి. హెడ్‌లైట్లు కూడా కిందకి దించుకోవాలి, ముందు లేచింది కాబట్టి ఎదురొచ్చేవాళ్ళ కళ్ళలో పడుతుంది. నేను రెండు రోజులు మర్చిపోయాను, గట్టు మీద ఎదురొచ్చిన మోటార్ సైకిలతను ఆపి చెప్తే గుర్తొచ్చింది.

ఐదొందల కిలోమీటర్లకి యూ బోల్టులు మళ్ళీ చూసుకోవాలి, ఇది ఎవరూ మానకూడదు. నా వాటిలో నాలుగు నట్లు దాదాపు పావు చుట్టు తిరిగాయి. వెయ్యి కిలోమీటర్ల దగ్గర మళ్ళీ చూశాం, ఈసారి కదల్లేదు.

గట్ల మీద ఇప్పుడు బండి నిదానంగా మునిగి లేస్తుంది, ఒక్కసారే. ఇంతకుముందు మూడో నాలుగో ఊపులు ఊగేది. బ్రేకు కొడితే ముక్కు నేలకి వంగేది, అది తగ్గింది. పాత బండి కాబట్టి డాష్‌బోర్డు కిటకిటలు అలాగే ఉన్నాయి, ఇంతకుముందు మిగతా చప్పుళ్ళలో వినపడేవి కాదు. మే నెలలో అదే తోట నుంచి అవే పది క్రేట్లు, అదే వ్యాపారి దగ్గరికి. అడుగు వరస నేనే ముందు తీసి చూశాను. రెండు కాయలకి మచ్చ ఉంది, అవి కోతలో తగిలినవి. పూర్తి రేటు కట్టాడు. ఆ నెల అమ్మ ఒంగోలు నాతోనే వచ్చింది, సింగరాయకొండ దాటేసరికి నిద్రపోయింది.

ఇప్పటికి పద్దెనిమిది వేల కిలోమీటర్లు అయ్యాయి. చెరువు నుంచి వచ్చిన ప్రతిసారీ కింద మంచినీళ్ళతో కడుగుతున్నాను, నెలకోసారి షాకిల్స్‌కి గ్రీజు. ముందు కుడి అప్పర్ బాల్ జాయింట్‌లో కొంచెం వదులు కనిపిస్తోంది. అది పాతదే, కిట్టుతో పాటు మార్చుకోమని భాయ్ అప్పుడే చెప్పాడు, నేను వాయిదా వేశాను. ఈ పంట తీసి చెరువు ఎండగట్టాక దాన్ని మార్చాలి, బోల్టులు మాత్రం ఈసారి ముందే తెప్పించి పెట్టాను.